తాళం వేసిన ఆసిలోస్కోపు

కరోనా సెలవులు ముగిసి తరగతులు మళ్లీ మొదలైన ఏడాది నేను రావులపాలెం దగ్గర ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ శాఖాధిపతిని. కరెంటు అల ఎలా ఉందో తెర మీద గీసి చూపే ఆసిలోస్కోపు మా కాలేజీకి ఒక్కటే ఉండేది. అదైనా ప్రిన్సిపాల్‌గారి గదిలో, బీరువాలో. ఏటా దసరాకు బయటికి తీసి బొట్లు పెట్టేవారు, తనిఖీ బృందం వచ్చినప్పుడు ల్యాబ్ బల్ల మీద ఉంచేవారు. తెర మీది ప్లాస్టిక్ కాగితం కూడా ఊడదీయలేదు. ప్రాక్టికల్స్‌కు తాళంచెవి అడిగితే, తనిఖీ అయ్యాక చూద్దాం లెండి అనేవారు. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా?

అందుకని పిల్లలు కంప్యూటర్‌లోని సౌండ్ కార్డునే ఆసిలోస్కోపుగా వాడటం ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్నారు. మైక్ సాకెట్‌లోకి వచ్చే చిన్న వోల్టేజీని అది గీతగా చూపిస్తుంది. పద్ధతి మంచిదే. కాకపోతే ఆ సాకెట్ ఒక వోల్టుకు మించి తట్టుకోదు.

ఆఖరి ఏడాది చదివే నాగలక్ష్మి తండ్రికి ఫ్యాన్లు బాగుచేసే షాపుంది. ఇన్వర్టర్ మీద తిరిగే ఫ్యాన్లు ఎందుకు రొద చేస్తాయో తేల్చాలని ఆ అమ్మాయికి పట్టుదల. ఒక మధ్యాహ్నం నేను ల్యాబ్‌లోకి వెళ్లేసరికి, పాత ఇయర్‌ఫోన్ తీగ కోసి, పిన్ను కాలేజీ లాప్‌టాప్‌కు గుచ్చి, రెండో చివరలు ఇన్వర్టర్ సాకెట్‌లో పెట్టబోతోంది. పరుగున వెళ్లి స్విచ్చి కట్టేశాను.

“ఛార్జర్ పీకేశానండి. బ్యాటరీ మీదుంటే షాక్ కొట్టదని వీడియోలో చెప్పారండి,” అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు, ఆ వీడియో చేసిన పెద్దమనిషి మీద. ఇయర్‌ఫోన్ తీగల్లో ఒకటి లాప్‌టాప్ లోహపు ఒంటికి కలిసే ఉంటుంది. దానికి ఫేజు తగిలితే లాప్‌టాప్ మొత్తం కరెంటు తీగే. ఛార్జర్ తీసినా సరే, చెయ్యి వేసినవారి ప్రాణం పోవచ్చు.

సాయంత్రానికి ప్రిన్సిపాల్‌గారు ఆమెను ల్యాబ్ నుంచి బహిష్కరించారు. ప్రాక్టికల్స్ లేకపోతే పరీక్షకు పంపరు, ఏడాది పోతుంది. కాలేజీ ఆస్తికి ప్రమాదం తెచ్చిందట. ఆమె ప్రాణం గురించి ఒక్క ముక్క లేదు.

నేను ఆయన గదికి వెళ్లాను. ఆ అమ్మాయి ఏ పరికరం వాడి ఉండాల్సిందని అడిగాను.

“ఆసిలోస్కోపు అండి. మీకు నేను చెప్పాలా?” అన్నారు.

“తాళంచెవి ఎవరి దగ్గరుందండి?”

ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్లింది. శిక్ష రద్దు చేస్తున్నానన్నారు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

మర్నాడు నాగలక్ష్మి చేత అదే పని సక్రమంగా చేయించాను. ఇన్వర్టర్‌కూ లాప్‌టాప్‌కూ మధ్య చిన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం. దాంతో రెంటికీ తీగ సంబంధం తెగిపోతుంది. తగ్గిన వోల్టేజీని రెసిస్టర్లతో ఇంకా తగ్గించి, హద్దు దాటకుండా రెండు డయోడ్లు ఎదురెదురుగా కలిపాం. కరెంటు వైపు తీగలన్నీ పెట్టెలో మూసి, నేను సరిచూశాకే స్విచ్చి వేయనిచ్చాను. నున్నగా వంపు తిరగాల్సిన అల తెర మీద మెట్లు మెట్లుగా వచ్చింది.

“ఫ్యాన్‌ను ఈ మెట్లే కుదుపుతున్నాయి. రొద ఇందుకేనండి,” అంది.

నేను రిటైరయ్యే రోజుకీ ఆసిలోస్కోపు తెర మీద ఆ ప్లాస్టిక్ అలాగే ఉంది. ఇంటి కరెంటును సౌండ్ కార్డుకు నేరుగా తగిలించకూడదని కారణంతో సహా చెబితే పిల్లలు వింటారు. పరికరాన్ని దాచిపెట్టి, అది వాడలేదని పిల్లను శిక్షించేవారి వల్లే ల్యాబ్‌కు ఎక్కువ ప్రమాదమని ఆ సంఘటనతో తెలుసుకున్నాను.