రంగి కళ్ళకు గంతలు లేవు

ఆదోని స్టేషను ముందు జట్కాలు నిలబడే చోట గంతలు లేని గుర్రం ఒక్కటే ఉండేది. అది బజారి అనే బండివాడిది. మిగతా బండ్లవాళ్ళు గుర్రానికి రెండు కళ్ళ పక్కనా తోలుగంతలు బిగించి, ముందున్న దారి తప్ప ఇంకేమీ కనబడకుండా తోలేవాళ్ళు. ఆ మాటెత్తితే చాలు, బజారికి ఒళ్ళు మండేది. "కండ్లు మూసి తోలేదానికి గుర్రమెందుకప్పా, గానుగెద్దును కొనుక్కోపో" అనేవాడు. నోరు దురుసే గానీ, ఆ దురుసంతా మనుషుల మీదే.

కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన మొదటి ఎమ్మిగనూరు జాతరలో కొన్నాడు రంగిని. నందవరం పక్క పల్లెలో పుట్టిన ఎర్రటి ఆడగుర్రం. పొలం గట్లు తప్ప లోకం ఎరగదు. బేరం కుదిరేదాకా బుద్ధిగా నిలబడింది గానీ, ఆదోని పొలిమేరలో పత్తి జిన్నింగు మిల్లు కూత వినగానే ముందుకాళ్ళు లేపి, పగ్గం విదిలించుకుని, వచ్చిన దారినే పరుగు తీసింది. బజారి వెంటపడలేదు. దారి పక్క గట్టు మీద కూర్చుని, తువ్వాలు మూట విప్పి, ఉలవ గుగ్గిళ్ళు తినడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి అది తనంతట తానే తిరిగొచ్చి దూరంగా నిలబడింది. ఇంకాసేపటికి తువ్వాలులో మూతి పెట్టింది.

ఆ రోజునుంచి అదే అతని పద్ధతి. వంక మీద కొత్త వంతెన, పత్తి బేళ్ళ గోదాము, రైలుగేటు, ఏ కొత్త చోటైనా సరే, ముందు తాను పోయి కూర్చునేవాడు. రంగి చెవులు నిక్కించి బెదురుచూపులు చూస్తుంటే తువ్వాలు నేల మీద పరిచి, పిడికెడు గుగ్గిళ్ళు నోట్లో వేసుకుని, "రామ్మా, నేనుండా కదా ఈడ" అనేవాడు. కొట్టేది లేదు, లాగేది లేదు. ఒక్కోసారి పూటంతా గడిచిపోయేది, కిరాయి కూడా పోయేది.

"గుగ్గిళ్ళు గుర్రానికో నీకో తెలీకుండా పోయె" అని దెప్పేది భార్య ఉచ్చీరమ్మ. "దాని ముందర కూసున్నంత సేపు నా ముందర కూసునింటే నేనూ నీ మాట ఇంటాంటిని." దెప్పుతూనే పొద్దున్నే ఉలవలు ఉడికించి మూటగట్టేదీ ఆమే. వాళ్ళకు పిల్లలు లేరు.

అన్నింటికంటే కష్టమైంది రైలింజను. దాని బుసకే రంగి ఒళ్ళంతా వణికేది. బజారి రైలుకట్ట పక్కన దాన్ని నిలబెట్టుకుని కూర్చోని రోజు లేదు. చివరికి ఇంజను ఆవిరి చిమ్ముతున్నా, రంగి అతని భుజం మీద గడ్డం ఆనించి నిలబడడం నేర్చుకుంది. ఆ రోజు బజారి ఎవరు కనిపిస్తే వాళ్ళకు ఆ సంగతి చెప్పుకున్నాడు. ఎంత సంబరమో!

సంబరాలు నిలుస్తాయా? ఎమ్మిగనూరు రోడ్డు మీద బస్సులు పెరిగాయి. ఊళ్ళో సవారీలను రిక్షాలు ఎత్తుకుపోయాయి. దానికితోడు వానలు లేని ఏడు వచ్చింది. ఇంట్లో ఉడికే ఉలవలు ముగ్గురికీ చాలలేదు. ఉచ్చీరమ్మ తన వాటా గుర్రానికి పోసి, తాను నీళ్ళు తాగి పడుకుంటోందని తెలిసిన రోజున బజారి అమ్మకానికి తలూపాడు.

కొన్నవాడు సోలాపురం వ్యాపారి. రైల్లో, గూడ్సు పెట్టెలో తీసుకుపోవాలి. లోపల చీకటి. ఎక్కించే పలక మీద కాలు పెడితే దడదడ చప్పుడు. రంగి గిట్టలు నేలకు తన్నిపట్టి కదలనంది. వ్యాపారి మనుషులు కళ్ళకు కట్టడానికి గోనెపట్టా తెచ్చారు. సాటి బండివాడు ఇస్సాకు కూడా దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పాడు. "ఈ ఒక్కసారికి కట్టు బజారన్నా. నిన్ను సూడకుండా పోతే దానికీ మంచిది, నీకూ మంచిది."

బజారి వినలేదు. ఇన్నేళ్ళు కట్టనివాణ్ణి పోయేటప్పుడు కడతానా అన్న పంతం. అది బెదరకుండా పోవాలన్న ఆశ కూడా. తానే పలకెక్కి పెట్టెలోకి పోయి, గడ్డి మీద కూర్చుని, తువ్వాలు పరిచాడు. పిడికెడు గుగ్గిళ్ళు నోట్లో వేసుకున్నాడు.

"రామ్మా, నేనుండా కదా ఈడ."

అదెంత అబద్ధమో మాట జారాక గానీ అతనికి తట్టలేదు. అప్పటికే రంగి పలక మీద కాలు పెట్టింది. దడదడ చప్పుడుకు ఒక్కసారి ఆగింది. అతని వైపు చూసి, మళ్ళీ నడిచి వచ్చి, భుజం మీద గడ్డం ఆనించింది.

బజారి తువ్వాలు దాని ముందే వదిలి దిగాడు. అది గింజుకోలేదు, సకిలించలేదు. అతను పలక దిగడం, అవతల నిలబడడం అంతా ఆ కళ్ళకు కనబడుతూనే ఉంది. ముందు పోయి కూర్చున్న మనిషి తనను విడిచి ఎక్కడికీ పోడని దానికి నేర్పింది అతనే. అందుకే తలుపు మూస్తున్నా అది బెదరలేదు. గుగ్గిళ్ళు ముట్టకుండా అతని వైపే చూస్తూ నిలబడింది. ఒక్క తన్ను తన్నినా బజారికి గుండె బరువు కాస్త తగ్గేది.

ఆ తర్వాత అతను పత్తి మిల్లులో బేళ్ళు మోశాడు. భుజం మీదికి కొత్త తువ్వాలు కొనుక్కోలేదు. ఉచ్చీరమ్మ ఉలవలు ఉడికిస్తే ఆ పూట అన్నం ముందునుంచి లేచిపోయేవాడు.

ఒకరోజు ఇస్సాకు కొత్త గుర్రాన్ని పట్టుకుని ఇంటికొచ్చాడు. "మిల్లు కూతకు బెదిరి సస్తాంది బజారన్నా. రంగికి నేర్పినట్టే దీనికీ నేర్పు, నీకు పుణ్యముంటాది."

బజారి లేచి గుర్రం దగ్గరికి పోయాడు. అది అతని ఖాళీ అరచేతిని వాసన చూసి, ఇంకో అడుగు దగ్గరికి జరిగింది. అతను చప్పున చేయి వెనక్కి లాక్కున్నాడు.

"గంతలు కట్టు ఇస్సాకూ" అన్నాడు. "రెండు పక్కలా బాగా బిగించి కట్టు. మన మొగాలు సూడనీయొద్దు."