ముల్లు పడిపోయిన ఎర్ర కారు

రత్నమాణిక్యం నా మేనమామ కూతురు. భీమవరం పక్కన మా ఊళ్ళో ఆమెకు రొయ్యల చెరువులున్నాయి, మోకాళ్ళ నొప్పులున్నాయి, పైకప్పు లేని రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారుంది. మొదటి రెండింటి గురించి ఊరు ఏమీ అనదు. అరవై దాటిన ఆడమనిషి కొంగు నడుముకు బిగించి ఆ కారు తోలుతుంటే మాత్రం ఊరికి నిద్ర పట్టదు.

ఆ కారు ఆమెకు ఎవరూ ఇచ్చింది కాదు. తొలి రొయ్యల పంట చేతికొచ్చిన ఏడు ఇంట్లోవాళ్ళంతా వడ్డాణం చేయించుకోమన్నారు. ఆమె ఊటీ వెళ్ళి, ఒక తేయాకు తోట షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఈ ఇంగ్లండు బండిని కొని, స్వయంగా తోలుకొచ్చింది. దారిలో అడవి ఏనుగు అడ్డం నిలబడితే హారన్ కొట్టిందనీ, ఏనుగు తొండమెత్తి దండం పెట్టి పక్కకు తప్పుకుందనీ నేను చాలా పెళ్ళిళ్ళలో చెప్పాను. ఏనుగు సంగతి మీ ఇష్టం. కారు సంగతి మాత్రం నిజం.

కాన్వెంటులో మేమిద్దరం ఒకే తరగతి. సిస్టర్ ఏం చెప్పినా నేను తలూపేవాణ్ణి. ఆమె లేచి నిలబడి, "మీకెలా తెలుసు సిస్టర్?" అనేది. ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. మర్నాడు మళ్ళీ అడిగేది. ఆ నొప్పులు అప్పటివేనని నా అనుమానం.

ఆమె మరిది శ్రీనివాసరాజు గారు ఈమధ్య హైవే పక్కన కల్యాణ మండపం కట్టించారు. గేటు ముందు సిమెంటు దిమ్మ ఒకటి కట్టించి, ఈ కారులో ఇంజను పీకేసి దానిమీద నిలబెడితే, పెళ్ళిజంటలు అందులో కూర్చుని ఫొటోలు దిగుతారని ఆయన ఆలోచన. మొన్న విజయదశమి నాడు, ఆయుధ పూజకు ఇంటిల్లిపాదీ కారు చుట్టూ చేరినప్పుడు ఆ మాట ఎత్తారు.

"వదినగారూ, ఈ వయసులో తమరికిదేం సరదా అండి? దిమ్మెక్కిస్తే బండికీ గౌరవం, తమరికీ విశ్రాంతి."

"నడిచినన్నాళ్ళూ నాదండి. నడవని రోజున తమరు పట్టుకెళ్ళండి."

అంతమందిలో అనేసింది. అన్నాక వెనక్కి తీసుకునే మనిషి కాదు. ఆయన చిరునవ్వుతో బానెట్ ఎత్తి, పండగ పూట మంచిదని తన చేత్తోనే ఇంజనులో కాస్త కొత్త ఆయిల్ పోసి, కొబ్బరికాయ కొట్టారు. మా అత్తలూ పిన్నులూ, పెళ్ళికూతురి మీద చల్లినట్టు, ఇంజను మీద దోసిళ్ళతో అక్షింతలు చల్లారు.

ఆ వారంలోనే ఆమె తణుకు బయల్దేరింది. అత్తిలి దాటి వేగం అందుకోగానే ఆయిల్ ప్రెషర్ చూపించే ముల్లు కిందికి జారిపోయింది. ఆ ప్రెషర్ లేకపోతే లోపల ఇనుమూ ఇనుమూ ఒరుసుకుని ఇంజను ముద్దయిపోతుంది. ఆమె అక్కడికక్కడే ఆపేసి, ట్రాక్టరుకు తాడు కట్టించి కారును ఇంటికి చేర్చింది. ఊరంతా అరుగులెక్కి చూసింది. సాయంత్రానికల్లా శ్రీనివాసరాజు గారి మనిషి టేపు పట్టుకొచ్చి దిమ్మ కోసం కారు కొలతలు తీసుకున్నాడు.

వారం తిరిగేసరికి భీమవరం నుంచి మెకానిక్ వీరబ్రహ్మం గారొచ్చారు. పాత బండ్లకు ఆయన పెట్టింది పేరు. సంగతంతా విని పెదవి విరిచారు.

"బేరింగులు అరిగిపోయాయండి అమ్మగారూ. ఈ వయసులో అంతేనండి."

"ఎవరి వయసులో?"

"బండి వయసులోనండి, ఆయ్."

పక్కనే ఉన్న శ్రీనివాసరాజు గారు ఉత్సాహపడ్డారు. "చిక్కటి ఆయిల్ పోసెయ్యండి. మండపం దాకా వస్తే చాలు."

"చిక్కటిది పోస్తే ముల్లు లేస్తుంది, జబ్బు దాక్కుంటుంది. నాకు కావలసింది ఇంజనండి," అంటూ ఆమె మెకానిక్ వైపు తిరిగింది. "బేరింగులేనని మీకెలా తెలుసు?"

నాకు సిస్టర్ గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాను.

ముందు గేజి అబద్ధం చెబుతోందేమో తేల్చమంది. వీరబ్రహ్మం గారు తన సంచిలోంచి ఇంకో గేజి తీసి బిగించారు. ఇంజను కాస్త వేడెక్కనిచ్చి చూశారు. రెండూ ఒకే మాట చెప్పాయి. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. ఆమె యాక్సిలరేటర్ నొక్కింది, ముల్లు వాలింది. కాలు తీసింది, లేచింది. వెంటనే ఇంజను ఆపేసింది.

"బేరింగులు అరిగితే, వేడి మీద నెమ్మదిగా తిరిగేటప్పుడు ముల్లు కిందుండాలి, వేగం పెంచితే లేవాలి. అవునా?"

"ఆయ్."

"ఇక్కడ తల్లకిందులుగా ఉందేంటి మరి?"

ఆయన తల గోక్కున్నారు.

"చెరువులో పంపు గొట్టం చివర ఫుట్‌వాల్వుకి నాచు పట్టిందనుకోండి. నెమ్మదిగా తోలితే నీళ్ళొస్తాయి. గట్టిగా తోలితే పీల్చుకోడానికి చాలక పంపు ఒట్టిగా తిరుగుతుంది. ఇక్కడా ఆయిల్ పీల్చే జల్లెడకి ఏదో అడ్డం పడింది."

"చెరువు వేరు, కారు వేరండి అమ్మగారూ."

"పీల్చే గొట్టం ఎక్కడైనా గొట్టమే. చాంబర్ విప్పండి."

"విప్పాక ఏమీ లేకపోతేనండి?"

"మీరే కరెక్టని మీ కొట్టు ముందు బోర్డు రాయిస్తాను."

ఇంజను అడుగున ఆయిల్ నిలవుండే తొట్టినే చాంబర్ అంటారు. వీరబ్రహ్మం గారు కారు కింద దూరారు. ఆమె మోకాళ్ళను తిట్టుకుంటూ పీట మీద కూర్చుని టార్చి పట్టింది. చాంబర్ కిందికి దిగాక ఆయన జల్లెడలో వేలు పెట్టి చూశారు. తర్వాత కారు కిందనుంచి నవ్వు వినిపించింది.

"ఇంజన్లో ఇసక చూశాను, ఎలక బొచ్చు చూశాను. అక్షింతలు చూడటం ఇదే మొదటిసారండి!"

జల్లెడ నిండా బియ్యం. పసుపు మాడి గోధుమరంగుకు తిరిగింది. పండగ నాడు ఆయిల్ పోసిన శ్రీనివాసరాజు గారు మూత బిగించకుండా పక్కన పెట్టి కొబ్బరికాయ అందుకున్నారు. ఇంజను తెరిచిన నోట్లోకే మావాళ్ళ ఆశీస్సులన్నీ పడ్డాయి. పూజయ్యాక ఆయనే భక్తిగా మూత బిగించారు. పలావు వాసన కూడా వచ్చిందని నేను చెబుతుంటాను. అది ఏనుగు పక్కన వేసుకోండి.

"ఎలాగూ విప్పారు కదా, బేరింగులు కూడా చూపించండి. మీరన్నదీ తేలిపోవాలి," అందామె.

ఒకటి విప్పి, వేలితో తడిమి చూశారాయన. "కొంచెం అరిగాయండి. కానీ ఇంకా పనిచేస్తాయి."

"నేనూ అంతేనండి," అందామె.

జల్లెడ కడిగి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ పోసి, అన్నీ బిగించేసరికి కారును మండపానికి మోసుకెళ్ళే ట్రాలీ వీధిలోకి వచ్చి ఆగింది. వెనకే శ్రీనివాసరాజు గారు, పూలదండతో.

ఆమె ఇంజను స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ నొక్కింది. ఈసారి ముల్లు వేగంతోపాటే పైకి లేచింది. వీరబ్రహ్మం గారు జల్లెడలోంచి తీసిన బియ్యాన్ని కాగితంలో పొట్లం కట్టి శ్రీనివాసరాజు గారి చేతిలో పెట్టి, సంగతి చెప్పారు. ఆయన పొట్లం వైపూ, దండ వైపూ చూసుకున్నారు.

"దిమ్మ కట్టేశాం కదండి వదినగారూ! మండపంలో జరిగే పెళ్ళిళ్ళ శుభలేఖల్లో కూడా కారు బొమ్మ వేయించేశాం. ఇప్పుడు దానిమీద ఏం పెట్టమంటారు?"

"తమరు నిలబడండి. దండ ఎలాగూ తెచ్చుకున్నారు."

నన్ను పక్క సీట్లోకి ఎక్కమంది. ట్రాలీ పక్కనుంచి, అరుగుల మీది జనం ముందునుంచి, హారన్ కొడుతూ హైవే ఎక్కించింది. మండపం గేటు ముందు కావాలనే నెమ్మది చేసి, ఆ ఖాళీ దిమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తణుకు వైపు తిప్పింది. గాలికి నా కండువా ఎగిరిపోయింది. ఏనుగు కథ మొదలుపెట్టబోయాను.

"బావగారూ, కబుర్లాపి ముల్లు చూడండి. ఏమంటోంది?"

"పైనే ఉందే తల్లీ."

"అయితే గట్టిగా పట్టుకోండి," అని కాలు ఇంకాస్త నొక్కింది.