తిప్పతీగ కషాయం తాగని మా రమేశ్ బావ

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసి "బావ పోయిండే" అంది.

"ఏ బావ?" అని అడిగాను.

నిజంగానే అడిగాను. రమేశ్ బావ అని తట్టనే లేదు. మొన్న ఆదివారమే వీడియో కాల్‌లో నా కొత్త హెయిర్ కట్ చూసి పడీపడీ నవ్వాడు.

చిన్న జ్వరం అన్నారు. ఖమ్మంలో చూపించి హైదరాబాద్ తీసుకెళ్లారు. అంతే. ఇంకా నమ్మలేకపోతున్నాను.

తెలియనివాళ్ల కోసం... బావ మా మేనత్త కొడుకు. కొత్తగూడెం దగ్గర బొగ్గు గనిలో డంపర్ డ్రైవర్. ఊపిరితిత్తులు పాడైపోతే, చనిపోయిన ఎవరో మనిషివి తెచ్చి పెట్టారు. లంగ్ ట్రాన్స్‌ప్లాంట్.

అప్పటినుంచి టైంకి టాబ్లెట్లు. మాస్క్. రోజూ మెషిన్‌లోకి ఊది ఊపిరి ఎంతుందో చూసుకోవడం.

ఆ టాబ్లెట్లు ఇమ్యూనిటీని తగ్గించడానికి. మా చుట్టాలకి ఈ ఒక్క ముక్క ఎక్కదు! వచ్చినవాళ్లందరూ ఇమ్యూనిటీ పెరగాలని ఏదో ఒకటి పట్టుకొచ్చేవారు. మా అమ్మ అయితే తిప్పతీగ కషాయం కాచి, పెనుబల్లి నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చింది.

బావ ఆ సీసాకి దండం పెట్టాడు.

"అత్తా, లోపలికొచ్చినోడు కొత్తల్లుడు. నా ఒంట్ల కావలోళ్లేమో దొంగనుకుంటున్నరు. గీ గోళీలేసి వాళ్లను పండబెట్టిన. నువ్వు మళ్ల లేపకు."

అమ్మ అలిగింది. ఆ కషాయం మొత్తం నాతో తాగించింది.

పర్ణశాల వెళ్లినప్పుడు జనం ఎక్కువని గుడి బయటే నిలబడ్డాడు. తీర్థం తెచ్చిస్తే తాగలేదు. కళ్లకద్దుకుని తలమీద చల్లుకున్నాడు. పక్కన ఎవరో "గంత భయమేంది?" అన్నారు.

బావకి కోపం రావడం అప్పుడే చూశాను.

"నా ఊపిరైతే తాగేటోన్ని. ఇది ఒకళ్లు ఇచ్చింది. పాడుచేస్తే వాళ్లకేం జెప్పాలె?"

అంత జాగ్రత్త మనిషి. ఒక్క పూట టాబ్లెట్ మానలేదు. ఆ ఊపిరితిత్తుల్ని కాపాడిన మందులే, జ్వరం వస్తే తట్టుకునే బలం లేకుండా చేశాయట. డాక్టర్ చెప్పింది అర్థమైంది. మింగుడు పడట్లేదు.

రాత్రి బావ వాళ్లింట్లో, బావని పడుకోబెట్టిన చోట అమ్మ దీపం వెలిగించింది. దాని పక్కనే ఇంకొకటి.

రెండోది ఎందుకమ్మా అన్నాను.

"ఆ ఊపిరి ఇచ్చినోళ్లకు. వాళ్ల మనిషి గూడ ఇయ్యాలనే పోయిండు గదనే. పాపం, ఆ ఇంటోళ్లకు ఎవరు జెప్తరు?"

పోయిరా బావా. మీ ఇద్దరికీ నెమ్మది దొరకాలి.