కొండ మీది పెళ్ళికి కుప్పం కుండలు

పెళ్ళి కొండ మీద చేస్తామన్నారు. ఎందుకయ్యా అంటే స్టైలట! మదనపల్లెలో అన్ని కల్యాణమండపాలుండగా, పుంగనూరులో అమ్మాయి ఇంటి ముందే పందిరి వేసేంత చోటుండగా, హార్సిలీ హిల్స్ ఎక్కి మబ్బుల్లో తాళి కట్టించాలని మగపెళ్ళివారి ముచ్చట. "మా వాని బెంగళూరు ఫ్రెండ్సంతా వస్తాండారు బావా. కింద ఏముండాది, ఎండా ఉక్కా తప్ప?" అన్నాడు నాతో పెళ్ళికొడుకు తండ్రి నారాయణప్ప. ఆయనకు మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా మండీ ఉంది. ఆ ఏడు టమోటా ధర బాగా పలికింది. లేకపోతే ఈ పెళ్ళి నేల మీదే జరిగేది.

ఇది రెండువేల ఆరు ప్రాంతపు సంగతి. నాకు కుప్పం బజారులో సైకిలు సామాన్ల అంగడి. పెళ్ళికూతురు సుజాత మా అక్క రాజమ్మ కూతురు. అక్కను పుంగనూరుకు ఇచ్చాము. సుజాతకు ఆరేళ్ళప్పుడు బావ పోయాడు. రెండావుల పాలు అమ్మి అక్క ఆ పిల్లను బీఎస్సీ దాకా చదివించింది. కొండ అన్నా, స్టేజీ అన్నా, వీడియో అన్నా అన్నిటికీ సరేనంది. అడిగింది ఒక్కటే, అరివేణి కుండలు.

తెలియనివారి కోసం చెబుతాను. మా ఇళ్ళలో పెళ్ళికి కుమ్మరి ఇంటి నుంచి కొత్త కుండలు రావాలి. వాటికి సున్నంతో, ఎర్రమన్నుతో గీతలు పెడతారు. వాటిని పందిట్లో పెట్టి, వధూవరులు దండం పెట్టుకున్నాకే తాళి. అవి అమ్మాయి మేనమామ ఊరి నుంచే రావాలి. పెళ్ళిరోజు పొద్దున్నే ఎత్తాలి. అన్నిటికంటే ముఖ్యం, కుమ్మరి గడప దాటిన కుండలు పందిరి దగ్గర ముత్తయిదువలు అందుకునేదాకా నేలకు ఆనకూడదు. ఈ నియమం పెట్టిన పెద్దలకు కుమ్మరి ఇల్లు పక్క వీధిలోనే ఉండేది. నూటయాభై కిలోమీటర్ల అవతల పెళ్ళి చేసే ఘనులు పుడతారని పాపం వాళ్ళేం కలగన్నారు!

"కుప్పం కుండలు మాత్రం రావాలప్పా," అంది అక్క ఫోనులో. "నేనెట్లాగూ ముట్టుకునేదాన్ని కాదు. దూరంగా నిలబడి కళ్ళారా సూసుకుంటే సాలు."

భర్త పోయిన ఆడవాళ్ళు అరివేణి ముట్టుకోకూడదన్నదీ మా ఆచారమే. నేను ఊఁ అని ఫోను పెట్టేశాను.

నా భార్య ముందురోజే పెళ్ళికూతురి వ్యాన్‌లో కొండకు వెళ్ళింది. ముహూర్తం పదకొండు యాభైకి. నేను తెల్లవారుజామున నాలుగుంపావుకు కుమ్మరి మునెప్ప గుమ్మంలో ఉన్నాను. వెదురు గంపలో వరిగడ్డి పరిచి, పెద్దది, దాని మీద నడిపిది, దాని మీద చిన్నది, మూడు కుండలు ఒకదానిపై ఒకటి పెట్టిచ్చాడు. "బస్సు అదురుకు పైది జరిగితే కిందిదాని మూతి ఇరుగుతాది. ఒక చెయ్యి ఎప్పుడూ మీద అదిమి పెట్టుకోవాల," అన్నాడు. అంటే మిగిలిన ఒక్క చేత్తో నేను టికెట్టు తీసుకోవాలి, కమ్మీ పట్టుకోవాలి, కళ్ళద్దాలు సర్దుకోవాలి. బాగుంది.

నాలుగూ నలభై అయిదుకు మదనపల్లె బస్సు. ఎక్కీ ఎక్కకముందే కండక్టరు మొదలుపెట్టాడు. "ఆ గంప కాళ్ళ సందులో పెట్టుకో సామీ."

"కింద పెట్టకూడదప్పా."

"ఏముండాది దాండ్లో?"

"కుండలు."

"ఏమన్నా పోసుండారా?"

"లేదు, ఖాళీవే."

"ఖాళీ కుండలకా ఇంత మర్యాద! లగేజీ టికెట్టు కొడతా మరి," అన్నాడు. కొట్టుకోమన్నాను. కొట్టాడు. ఒళ్ళో గంప, గంప మీద చెయ్యి, చెయ్యి మీద గడ్డం పెట్టుకుని వి.కోట దాకా కునికిపాట్లు పడ్డాను. గుంత వచ్చినప్పుడల్లా గడ్డం కుండకు కొట్టుకుని మెలకువ వచ్చేది.

వి.కోటలో పూలబుట్టతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. పలమనేరులో కనకాంబరాలు అమ్ముతుందట. ఆరూ నలభైకి బస్సు పలమనేరులో ఆగింది. టిఫినుకు పదిహేను నిమిషాలన్నారు. టిఫిను సంగతి తర్వాత, నాకు అంతకంటే అర్జెంటు పని ఉంది. గంపతో ఆ పనికి ఎలా వెళ్ళడం? నా అవస్థ చూసి ఆమే అంది, "ఇట్లియ్యన్నా, నేను పట్టుకుంటా. బిన్నా పోయి రా."

"కింద ఆనించకమ్మా, అరివేణి."

"నాకు తెలీదా? నా కూతురు పెండ్లికీ ఎత్తలేదా?"

వెళ్ళొచ్చాను. నాలుగిడ్లీలు కూడా తిని రమ్మంది. తిన్నాను. బస్టాండు బయట కుడివైపు బండి మీద ఇడ్లీ మెత్తగా ఉంటుంది, చట్నీ మాత్రం నీళ్ళు. తిరిగొచ్చేసరికి ఆమె గంపను కొంగుతో కప్పి, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని ఉంది. నా కోసమే దిగకుండా కూర్చుందట. "మా ఇంటాయన పోయినాక ఈ పూలే నాకు దిక్కు. ఆలీసమైతే గిరాకీ పోతాదన్నా," అంటూ గంప నా చేతికిచ్చి గబగబా దిగిపోయింది.

ఇంటాయన పోయినాకనా? కుండలు తడిమి చూసుకున్నాను. బీట లేదు, గీత చెరగలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకుని నోరు మూసుకున్నాను.

పుంగనూరు పొలిమేరలో, ఏడూ యాభైకి, బస్సు టైరు పంక్చరు. స్టెప్నీ దింపి చూస్తే దాంట్లోనూ గాలి లేదు. డ్రైవరు దానికేసి, కండక్టరు డ్రైవరుకేసి, మేమంతా కండక్టరుకేసి చూస్తూ పది నిమిషాలు నిలబడ్డాం. ఎవరి కళ్ళలోనూ గాలి లేదు కాబట్టి గంప నెత్తిన పెట్టుకుని బస్టాండుకు నడిచాను. ఇరవై నిమిషాల నడక. తర్వాతి బస్సులో నిలబడటానికే చోటు. గంప నెత్తినే ఉంది. వెనక కాలేజీ పిల్లల గుంపులోంచి ఎవడో, "పెద్దాయనా, కుండల డ్యాన్సు ప్రోగ్రాం యాడ? ఒక స్టెప్పు ఎయ్యి సూస్తాం!" అన్నాడు. బస్సంతా నవ్వింది. చేతులు ఖాళీగా ఉండుంటే వాడి చెవి మెలేసేవాణ్ణి.

మదనపల్లెలో దిగేసరికి తొమ్మిదీ ఇరవై. కొండకు పోయే బస్సు తొమ్మిదింటికే వెళ్ళిపోయింది. ఆ దారిన వెళ్ళదలచినవారు ముందే కనుక్కోండి, కొండ బస్సులు రోజుకు నాలుగైదే. అయినా మదనపల్లెకు కారు పంపుతానని నారాయణప్ప నాకు ముందే మాట ఇచ్చాడు. ఫోను చేశాను.

"కారా? మేకప్పు ఆమె కోసం పోయుండాది బావా. ఆటోలో వచ్చేయ్."

ఒళ్ళు మండిపోయింది. ఆటోవాళ్ళను అడిగితే కొండనూ నన్నూ మార్చి మార్చి చూసి నవ్వారు. మార్కెట్ యార్డు దారిలో టమోటా లారీలు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్య గంప నెత్తిన పెట్టుకుని, దారినపోయే ప్రతి బండికీ చెయ్యూపుతూ ముప్పావుగంట నిలబడ్డాను. చివరికి ఐస్‌క్రీం డబ్బాల టెంపో ఒకటి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "కొండ మింద పెండ్లికే పోతాండాను. ఎక్కు సామీ," అన్నాడు. మేనమామకు దొరకని బండి ఐస్‌క్రీముకు దొరికింది!

ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మలుపు మలుపుకూ కడుపులో ఇడ్లీలు తిరిగాయి. నిజం చెప్పకపోతే పాపం, దారి అందంగానే ఉంది. నీలగిరి చెట్ల వాసన, చల్లగాలి, కింద అగ్గిపెట్టెల్లా ఊళ్ళు. రెండు చేతులూ కుండలకే అంకితమైనవాణ్ణి, ఆ అందం ఏం చేసుకోను? చలికి ముక్కు కారుతుంటే తుడుచుకునే దారి కూడా లేకపోయింది.

పదకొండూ ఇరవై అయిదుకు పైకి చేరాను. కొండ అంచున గాలిబండ అనే పెద్ద రాతికి ఇవతల స్టేజీ. థర్మోకోల్ స్తంభాలు గాలికి ఊగుతుంటే ఒక్కోదాన్నీ ఒక్కో మనిషి వాటేసుకుని నిలబడ్డాడు. పట్టుచీరల మీద స్వెట్టర్లు. పంతులు చెవుల దాకా శాలువా కప్పుకుని, ఆరిపోయే హోమాన్ని విసనకర్రతో అడ్డుకుంటున్నాడు. ఇదీ స్టైలు!

డెకరేషన్ ఆయన నాకు ఎదురొచ్చాడు. "కుండలు మావే పెట్టేసినాం సార్, స్టేజీకి మ్యాచింగు. మీవి స్టోర్ రూములో పెట్టేయండి." చూస్తే పీటల ముందు అద్దాలు అతికించిన బెంగళూరు కుండలు తళతళలాడుతున్నాయి.

"నేను తెల్లారకముందు నుంచి మోసుకొస్తాండేది స్టోరుకు కాదప్పా. అందుకునే ముత్తయిదువలు యాడ?" అన్నాను.

లేరు! హారతి పళ్ళాలతో నడిచొచ్చే షాటు కావాలని వీడియో ఆయన వాళ్ళందరినీ గాలిబండ మీదికి తోలుకుపోయాడట. అందులో నా భార్య కూడా ఉంది. ఫోను చేస్తే సిగ్నలు లేదు. మనిషిని పంపితే ఆ మనిషీ తిరిగి రాలేదు. వాణ్ణీ షాటులో నిలబెట్టారేమో! పందిరి అంచున నేను గంపతో అలాగే నిలబడ్డాను. పదకొండూ ముప్పై అయిదయింది, నలభై అయింది.

"ముత్తయిదువలు అందుకోకుంటే కుండలు లోపలికి రాకూడదయ్యా, ముహూర్తం పది నిమిషాలే ఉండాది," అన్నాడు పంతులు. "లేకుంటే ఈ అద్దాల కుండలతోనే కానిచ్చేద్దాం."

పీటల మీద సుజాత మొహం చిన్నబోయింది. నా చేతులు మోచేతుల దాకా మొద్దుబారాయి. వేళ్ళు గంప మీద ఉన్నాయో లేదో కూడా తెలియడం లేదు. తల తిప్పి చూస్తే పందిరికి దూరంగా, ఒక నీలగిరి చెట్టు పక్కన, అక్క నిలబడి ఉంది. చెప్పినట్టే, దూరంగా. కళ్ళారా చూసుకుంటోంది.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"అక్కా! రా, పట్టుకో!"

ఆమె బెదిరిపోయింది. "నేనా? వద్దురా గోవిందా, బిడ్డకు కీడు."

"కీడూ లేదు, గాడిద గుడ్డూ లేదు! పొద్దున పలమనేర్లో ఒక పూలామె పట్టుకునింది. ఆమెకూ మొగుడు లేడు. ఏమయినాయి కుండలు, సూడు! ఈ పిల్లను ఇంత చేసిన చేతులకు లేని కీడు ఈ మట్టికొస్తాదా? నా చెయ్యి జారిపోతాంది. కింద పడితే నీదే పాపం. పట్టుకో!"

అందరూ విన్నారు. మగపెళ్ళివారూ విన్నారు. అక్క రెండడుగులు వేసి ఆగింది. అప్పుడు పీటల మీంచి సుజాత అద్దాల కుండలను పక్కకు నెట్టి అంది, "అమ్మా, తెచ్చి ఈడ పెట్టు."

అక్క కొంగు నడుముకు దోపుకుని వచ్చి గంప కింద చేతులు పెట్టింది. నా చేతుల్లోంచి బరువు పోయింది కానీ వేళ్ళు విడిపోవడానికి కాసేపు పట్టింది. పంతులు నారాయణప్పకేసి చూశాడు. నారాయణప్ప గడియారం చూసుకుని, "యాల సూస్తాండావు సామీ, కానీయ్, టైమయితాంది," అన్నాడు. ఆ రోజు ఆయన అన్న మాటల్లో నాకు నచ్చింది అదొక్కటే.

తాళి కట్టి అక్షింతలు వేస్తుండగా ముత్తయిదువలు ఆరిపోయిన హారతులతో పరిగెత్తుకొచ్చారు. వీడియో ఆయన రొప్పుతూ, "కుండలు అందుకునేది మిస్సయింది. ఇంకోసారి బయటినుంచి తెస్తారా సార్?" అన్నాడు. నేను వాడితో అన్న మాట ఇక్కడ రాయను.

మూడున్నరకు కొండ దిగే బస్సు. సాయంత్రం పాలు పిండే వేళకు చేరాలని అక్క వ్యాను కోసం ఆగకుండా నాతో వచ్చేసింది. పెద్ద కుండలు రెండూ అమ్మాయితో వెళ్ళాయి, చిన్నది ఆనవాయితీగా తల్లికి వస్తుంది. మదనపల్లెలో బస్సు మారి పుంగనూరుకు సాగాం. కొండ మీద పెళ్ళి ఎలా ఉందని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే: స్వెట్టరు తీసుకుపొండి, కారు పంపుతామంటే నమ్మకండి, అన్నం ముందు తినండి, ఎందుకంటే సాంబారు వడ్డించేలోపే చల్లారిపోతుంది.

కిటికీ పక్కన అక్క ఆ చిన్న కుండను ఒళ్ళో పెట్టుకుని, పైన చెయ్యి అదిమి కూర్చుంది. గుంతలు వచ్చినప్పుడల్లా ఇంకాస్త దగ్గరకు హత్తుకుంటోంది. చూసి చూసి విసుగొచ్చింది నాకు.

"పెండ్లయిపోయె కదక్కా. ఇంక కింద పెట్టొచ్చు," అన్నాను.

"తెలుసురా," అంది. "ఉండనీ. అరివేణి మళ్ళా ఎప్పుడు పట్టుకుంటానో."