టామర్ పెదవుల మీది పద్యాలు

టామర్ రోత్‌వెల్‌కి పద్యాలు ఎక్కడి నుంచి వచ్చేవో, పదహారేళ్లు ఆమె పక్క మగ్గాల దగ్గర నిలబడ్డ నాకూ తెలియదు. ఎలా వచ్చేవో మాత్రం చూశాను. పోగు తెగినప్పుడు వచ్చేవి. మగ్గం ఆపి, తెగిన కొసలు రెండూ వేళ్ల మధ్య పట్టుకునేది. అప్పుడే పెదవులు కదలడం మొదలయ్యేది. ముడి పడేసరికి ఒక పాదం పూర్తయ్యేది.

ఆమె తండ్రి కొండ మీది ఇంట్లో చేతిమగ్గం నేసేవాడు. ఆ చప్పుడు మనిషి పాటను మింగేసేది కాదు, దానికి తాళం వేసేది. లోయలోకి ఆవిరి మగ్గాలు వచ్చాక అది ఆగిపోయింది. ఒక చలికాలం ఆ మగ్గమే పొయ్యిలోకి పోయింది. పదకొండేళ్ల టామర్ చెక్కబూట్లు టకటకలాడించుకుంటూ మిల్లుకి దిగింది. చదవడం ఆదివారపు బడిలో నేర్చుకుంది. రాయడం అక్కడ నేర్పేవారు కాదు. దేవుడి రోజున కలం పట్టడం పాపమని మా చర్చి పెద్దల నమ్మకం.

మిల్లు షెడ్డులో నాలుగు వందల మగ్గాలు. గొంతు చించుకున్నా పక్కవాళ్లకు వినబడదు. అందుకని మేమంతా గొంతు మానేసి, పెదవులు సాగదీసి మాట్లాడుకునేవాళ్లం. పెళ్లి కబుర్లు, మేస్త్రీ మీద వేళాకోళాలు షెడ్డు ఆ చివరి నుంచి ఈ చివరికి నిశ్శబ్దంగా దాటిపోయేవి. టామర్ తన పద్యాలు కూడా అలాగే నాకు చెప్పేది. మా మేనమామ నాకు రాయడం నేర్పాడు కనుక, ఇంటికెళ్లి ఓట్స్ రొట్టె నములుతూ వాటిని కాగితం మీద పెట్టేదాన్ని.

ఆమెకు నలభై దాటాక ఊరి పఠన మందిరం పెద్దమనుషులకు ఈ సంగతి తెలిసింది. ఒక శనివారం మధ్యాహ్నం వచ్చి పద్యాలు వినిపించమన్నారు, సభకు నచ్చితే పుస్తకం వేస్తామన్నారు. టామర్ రెండు వారాలు సరిగా తినలేదు. ఎందుకంత ఆరాటమని అడిగాను.

"నేను నేసిన గుడ్డంతా ఓడలెక్కి పోయింది జెమైమా. నాన్న మగ్గం బూడిదైంది. నేను చేసినదాంట్లో ఒక్కటైనా ఈ ఊళ్లో మిగలాలే."

ఆ రోజు ముందు కుర్చీల్లో పెద్దమనుషులు కూర్చున్నారు. వెనక బల్లల మీద శాలువాలు కప్పుకుని మా మిల్లు ఆడవాళ్లం. టామర్ వేదిక ఎక్కి, చేతులు కట్టుకుని, మొదలుపెట్టింది.

ముందు వరస ఎదురుచూస్తూనే ఉంది. ఆమె ధైర్యం కూడగట్టుకుంటోందని అనుకున్నారు. అధ్యక్షుడు క్రాబ్‌ట్రీ గారు మంచినీళ్లు అందించారు. ఇంతలో, పద్యంలో మేస్త్రీ టోపీ గంజి తొట్టిలో పడే చోట, వెనక బల్లలన్నీ ఒక్కసారి నవ్వాయి. క్రాబ్‌ట్రీ గారు మొహం ముడుచుకుని, ఇంకా మొదలే కాలేదు కదా, ఎందుకా నవ్వని అడిగారు.

"మొదలవడమేంటి అయ్యగారూ, సగం అయిపోతేనూ," అంది మా మిల్లు పెగ్, ఎడమ బల్లల మీద కూర్చున్నచోటి నుంచే. "మీకే వినబళ్లేదు."

అప్పుడు గాని తన గొంతు పలకడం లేదని టామర్‌కి తెలియలేదు. చెయ్యి మెల్లగా గొంతు మీదికి వెళ్లింది. ముప్పై ఏళ్లలో తన పద్యాన్ని ఒక్కసారైనా గొంతుతో పలకలేదు. ఇప్పుడు ప్రయత్నించింది. ఎండుటాకు తొక్కినట్టు ఏదో వచ్చింది. అది తనదేనా అన్నట్టు ఉలిక్కిపడి ఆగింది. ముందు వరసలో ఒకాయన వెళ్లిపోదామని టోపీ అందుకున్నాడు.

ఆమె నా వైపు చూసింది. నువ్వు చెప్పవే, అన్నాయి పెదవులు.

నేను బల్ల మీదికెక్కి నిలబడ్డాను. ఆమె పెదవులు చూస్తూ, ఒక్క మాట వెనకగా, గట్టిగా చెప్పుకుంటూ పోయాను. ఎవరి వైపు చూడాలో తెలియక పెద్దమనుషులు కుర్చీలు అడ్డంగా తిప్పుకున్నారు. టోపీ అందుకున్నాయన దాన్ని మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. చివరిది అంతకుముందు నాకెప్పుడూ చెప్పని పద్యం. అందులో టామర్ ఉన్నట్టుండి ఎడమ పక్క కిటికీ వైపు తిరిగింది. నాలుగు పాదాలు అటే చెప్పింది. నాకు ఆమె పెదవులు కనబడలేదు. నేను ఆగాను, సభా ఆగింది. ఆమె మళ్లీ ఇటు తిరిగాక అందుకున్నాను.

ఆ చలికాలమే పుస్తకం వచ్చింది. ముప్పై ఒక్క పద్యాలు. చివరి పేజీలో నాలుగు పాదాల చోటు ఖాళీగా ఉంటుంది. అచ్చుకు వెళ్లేముందు ఆ పాదాలు చెప్పమని టామర్‌ని బతిమాలాను.

"నీకోసం చెప్పింది కాదులే. అక్కడ ఖాళీ ఉంటే ఏం, గాలాడుతుంది," అంది.

ఆమె పెదవులు కనబడ్డ ఎడమ పక్క బల్లల వాళ్లను ఒక్కొక్కరినీ అడిగాను. ఒకామె అది తండ్రి గురించి అంది. ఇంకొకామె వాన అంది. పెగ్ నవ్వి, పెళ్లికాని పిల్లకు చెప్పేది కాదంది.

టామర్ అరవై ఒకటో ఏట పోయింది. పుస్తకం పఠన మందిరంలో ఉంది, అంచులు నలిగి. ఎడమ బల్లల వాళ్లలో ఇద్దరే మిగిలారు. మొన్న సంతలో ఒకామెను మళ్లీ అడిగాను. సరే చెబుతానని, పాత అలవాటు కొద్దీ, గొంతు లేకుండా పెదవులు కదిపింది. నాకిప్పుడు చూపు ఆనదు.