కార్డు లేని కెమెరాతో ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే ఇప్పుడు సీటు వెతుక్కునేలోపే దిల్‌సుఖ్‌నగర్ వచ్చేస్తుంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఒక బంద్ నాడు, ఆ దారినే నేను నడిచి వెళ్లి నడిచి వచ్చాను. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దారి కోసం కాకపోయినా, సంచిలో ఏం పెట్టుకుని బయల్దేరాలో తెలుసుకోవడం కోసం నాతో రండి.

నాది తెనాలి దగ్గర పల్లె. అప్పటికి చాలా ఏళ్లుగా ఎల్బీనగర్‌లో అద్దెకుంటూ పెళ్లిళ్లకు వీడియో తీసేవాణ్ణి. క్యాసెట్ల కాలం అయిపోయి, మెమరీ కార్డు కెమెరాలు కొత్తగా చేతికొస్తున్నాయి. సొంతంగా కొనే స్తోమత లేక దిల్‌సుఖ్‌నగర్‌లో షఫీ భాయ్ దగ్గర కెమెరా, రెండు కార్డులు కిరాయికి తెచ్చుకునేవాణ్ణి. క్యాసెట్లయితే ఒక్కో పెళ్లికి సంచి నిండా కొనేవాణ్ణి. కార్డు మళ్లీ మళ్లీ వాడొచ్చు కదా, ఇంకోటెందుకు అనుకున్నాను. నా మొదటి తప్పు అది.

పెళ్లి యాదయ్యగారి అమ్మాయిది. ఆయనది నల్లగొండ వైపు ఊరు, లారీల మెకానిక్కు. సాగర్ రింగ్ రోడ్డు పక్కన చిన్న ఫంక్షన్ హాల్లో తెల్లవారుజాము ముహూర్తం. బంద్ ఉంటుందని చుట్టాలంతా ముందురోజే చేరుకున్నారు. ఎదుర్కోళ్లు ఒక కార్డులో, జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు రెండో కార్డులో తీశాను. ఏడు గంటలకు అప్పగింతలన్నారు. క్యాసెట్టు వాడిందో కాదో చుట్టుకున్న టేపు చూస్తే తెలిసేది. కార్డు నిండినా, ఖాళీగా ఉన్నా ఒకేలా ఉంటుంది. రెండూ వాడేశానన్నది హడావిడిలో మరిచిపోయి, బయటికి తీసిన ముహూర్తం కార్డునే ఖాళీదనుకుని పెట్టి, ఫార్మాట్ నొక్కేశాను. మొత్తం చెరిపేయాలా అని కెమెరా అడిగింది కూడా. అవునన్నాను.

ఒక్క క్షణంలో తెలిసింది. మొదటి కార్డులో మిగిలిన కాస్త జాగాలో అప్పగింతలు ఎలాగో ఇరికించాను. అది నిండిపోయింది. ఎక్కడా పడిపోకుండా ముహూర్తం కార్డుని మళ్లీ కెమెరాలోనే పెట్టుకున్నాను, అందులో మాత్రం ఇంకేమీ తీయకూడదు. ఫార్మాట్ చేసినా లోపలి బొమ్మలు వెంటనే పోవు, వాటి పైన కొత్తవి తీస్తేనే పోతాయి. ఆ సంగతి నాకు తెలుసు. షఫీ భాయ్‌కి ఫోన్ చేశాను.

"అరే భాయ్, పరేషాన్ కాకు. షట్టర్ సగం తెర్సి కూసుంట. జల్ది తీస్కరా. శామ్‌కి ఆ కెమెరా, కార్డులు మలక్‌పేట పార్టీకి ఇయ్యాలె," అన్నాడు.

యాదయ్యగారు టిఫిన్ ప్లేటుతో ఎదురొచ్చారు. "ఏంది సారు, గప్పుడే పోతున్నవ్? ఇడ్లి తిని పో. మా బిడ్డ తాళి మంచిగ తీసినవా?"

"బాగా వచ్చిందండీ," అన్నాను. ఆ రోజు ఆడిన మొదటి అబద్ధం అది.

ఎనిమిదింటికి బయల్దేరాను. బస్సుల్లేవు, ఆటోల్లేవు, దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. కొత్త కార్డు కొందామన్నా దొరకదు. చౌరస్తాకి వచ్చేసరికి హైవే మీద వంటావార్పు. రోడ్డుకి అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి, ఎసరు పోసి, జనం అక్కడే వండుకుని అక్కడే తింటున్నారు. లారీలు తిరిగే చోట చాపలు పరిచి ఆడవాళ్లు టమాటాలు తరుగుతున్నారు. ఆ హైవే మీద హారన్లు లేకుండా మనుషుల మాటలు వినబడటం నాకదే మొదటిసారి. ఇప్పటికీ ఎల్బీనగర్ అంటే ఆ పొగ, పచ్చిపులుసు వాసనే గుర్తొస్తుంది.

పక్కనుంచి జారుకుందామనుకున్నాను గానీ భుజాన కెమెరా ఉంటే ఎవరు వదులుతారు? గులాబీ కండువా వేసుకున్న నర్సింహ అనే కుర్రాడు చేయి పట్టుకున్నాడు.

"అన్నా, టీవోళ్లు గిటు దిక్కే రాలే. నువ్వన్న తియ్యి."

"పెళ్లికి వెళ్లొస్తున్నానండీ, కొంచెం అర్జెంటు పని..."

నా యాస విని నవ్వాడు. "ఏంది, గుంటూరా? మా వంట తీస్తె కెమెరా ఖరాబైతదా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బెదిరింపు కాదది, వట్టి వేళాకోళం. ఆ సంగతి అప్పుడే తెలుసు, ఇప్పుడూ తెలుసు. అయినా భయపడ్డాను. కెమెరాలో కార్డు ఖాళీగానే కనిపిస్తోంది. 'ఇందులో తీస్తే ఒకమ్మాయి పెళ్లి పోతుంది' అంటే నమ్మరనుకున్నాను. సాకు చెబుతున్నాడు, మన ముచ్చట వీడికి నచ్చదు అనుకుంటారనుకున్నాను. పక్కకి తిరిగి కార్డు తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. స్క్రీన్ మూసేసి, కెమెరా భుజానికెత్తి, తీస్తున్నట్టు నటించడం మొదలుపెట్టాను.

పొయ్యిల చుట్టూ తిరిగాను. పిల్లలు చేతులూపారు. ఇక చాలు, పోదామనుకుంటుండగా నర్సింహ ఒక పెద్దావిడని తీసుకొచ్చాడు. పేరు లచ్చమ్మ. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయిలమ్ముతుంది.

"అవ్వా, గా దాంట్లకు జూస్కుంట జెప్పు."

ఆమె కొంగు సర్దుకుంది. రోడ్డు మీద కూర్చుని, చీర కాస్త పైకి జరిపి, వంకర తిరిగిన కాళ్లు చూపించింది.

"గీ కాళ్లు జూడు బిడ్డా. మా ఊరి బోరునీళ్లు దాగి గిట్లయినయ్. మా అక్కవి గిట్లనే, మా చెల్లెవి గిట్లనే. కిష్ణ మా పక్కపొంటే పోతది. మా కడవలకు మాత్రం రాదు. ఎవలొచ్చినా ఇస్తమనుడే. ఈసారి మేమే తెచ్చుకుంటం."

ఇంకా చాలాసేపు చెప్పింది. పెళ్లిచూపులకొచ్చినవాళ్లు ముందు ఫ్లోరైడ్ నీళ్లకు గారపట్టిన తన పళ్లు చూసి, తర్వాతే ముఖం చూశారని చెప్పింది. మధ్యలో నవ్వింది, మధ్యలో కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను కన్ను వ్యూఫైండర్‌కి ఆనించే ఉంచాను. అందులో ఆమె ముఖం మీద 'నో కార్డ్' అన్న అక్షరాలు ఆగి ఆగి మెరుస్తున్నాయి. ఎన్నో పెళ్లిళ్లు తీశాను గానీ కెమెరాతో ఒక మనిషి అంత నిజంగా మాట్లాడటం అంతకుముందు చూడలేదు.

"మంచిగొచ్చిందా బిడ్డా?"

"వచ్చిందవ్వా."

"అయితె తినిపో. తీసి తీసి అలిసినవ్."

విస్తట్లో అన్నం, టమాటా పప్పు పెట్టి, పచ్చిపులుసు ఆమే పోసింది. తిన్నాను. గొంతు దిగలేదనాలని ఉంది గానీ, ఆకలి మీదున్నాను, మళ్లీ పెట్టించుకుని తిన్నాను.

అక్కణ్ణుంచి కొత్తపేట, చైతన్యపురి మీదుగా నడక. మార్కెట్ మూసి ఉన్నా మురిగిన బత్తాయిల వాసన రోడ్డు దాకా వచ్చింది. ఆ మార్కెట్టూ ఇప్పుడక్కడ లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల కుర్రాళ్లు గుంపులుగా మెట్ల మీద కూర్చుని ఉన్నారు. షఫీ భాయ్ షట్టర్ కింద వంగి దూరేసరికి పదకొండు దాటింది.

"దీంట్ల మళ్ల ఏమన్న తీసినవా?" అదే మొదటి ప్రశ్న.

"లేదు భాయ్."

"అల్లాకి షుకర్. అయితె వస్తది. చాయ్ తాగు."

కంప్యూటర్‌లో ఒక్కొక్క ఫైలే లేచి వస్తుంటే రెండు చాయ్‌లు తాగాను. జీలకర్ర బెల్లం వచ్చింది. తాళి వచ్చింది. తలంబ్రాల్లో ఒక్క ముక్క మాత్రం రాలేదు. మొదటి కార్డుతో సహా అన్నీ రెండు చోట్ల కాపీ చేసి, రెండూ తెరిచి, చివరిదాకా పరిగెత్తించి చూశాకే కార్డులు, కెమెరా షఫీ భాయ్ చేతికిచ్చాను. అప్పటినుంచి నా పద్ధతి అదే. కాపీ అయిందని కంప్యూటర్ చెబితే చాలదు, తెరిచి చూడాలి. వాడిన కార్డు డబ్బాలో బోర్లా పెట్టాలి. ఇంకో ఖాళీ కార్డు విడిగా, జేబులోనే ఉండాలి.

లేచాక, చౌరస్తాలో చేసిన పని ఆయనకి చెప్పాను. షఫీ భాయ్ నవ్వలేదు. గల్లాపెట్టెలోంచి చిన్న కార్డొకటి, అల్మారాలోంచి పాత చేతి కెమెరా ఒకటి తీసిచ్చాడు.

"పో. అవ్వ ఉంటే తీసుకో. రేపు తెచ్చియ్యి," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఎండలోనే వేగంగా నడిచాను. చౌరస్తా చేరేసరికి నాలుగు దాటింది. లారీలు మెల్లగా కదులుతున్నాయి. పొయ్యిల మీద నీళ్లు పోసేశారు, తారు మీద నల్లటి మచ్చలు మిగిలాయి. రోడ్డు పక్కన పంపు దగ్గర లచ్చమ్మ మసిపట్టిన పెద్ద గిన్నె తోముతోంది. నర్సింహ నీళ్లు పోస్తున్నాడు.

ఎదురుగా కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పేశాను. కార్డు సంగతి, పెళ్లి సంగతి, నా భయం సంగతి.

నర్సింహ మగ్గు కింద పెట్టాడు. "గదే ముచ్చట అప్పుడు జెప్తె అయిపోతుండె గదనే! లగ్గం చెడగొట్టుకొమ్మని ఎవడంటడు?"

లచ్చమ్మ తోముతున్న చేయి ఆపింది. "నా కాళ్లు గూడ సూపిస్తి గదరా," అంది మెల్లగా.

"ఇప్పుడు తీస్తానవ్వా. కార్డు తెచ్చాను. మళ్లీ చెప్పు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "నాతోటి గాదు బిడ్డా. పొద్దుగాల యాడికెల్లొచ్చిందో వచ్చింది. మళ్ల జెప్తె యాక్టింగైతది. గది నీ పని, నాది గాదు."

నర్సింహ పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు. "తెచ్చినవ్ గద, గిన్నె తోముడు తీసుకో," అంది. తీశాను.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ చౌరస్తా మీద వంతెనలు లేచాయి, మెట్రో వచ్చింది. యాదయ్యగారికి మాత్రం ఈ సంగతి ఇంతవరకు చెప్పలేదు. తలంబ్రాల్లో ఒక ముక్క ఎందుకు లేదో ఇది చదివితే ఆయనకి తెలుస్తుంది. చౌరస్తా దాటినప్పుడల్లా నా చేయి జేబులోని ఖాళీ కార్డు మీదకి పోతుంది. ఇంట్లో రెండు డిస్కుల్లో ఆ చిన్న వీడియో దాచుకున్నాను. అందులో లచ్చమ్మ ఒక్క మాట కూడా మాట్లాడదు. కాళ్లు చీర కిందకి ముడుచుకుని కూర్చుని ఉంటుంది. గిన్నె మీద బూడిద రాస్తున్న చప్పుడు వినిపిస్తుంది, అంతే.