వైరు లేని గిటారు

అమెరికాలో, నేపర్‌విల్ లైబ్రరీలో ఆ డీవీడీ కంటబడగానే చిన్నపిల్లాడిలా కేక పెట్టాను. పక్కన పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి కళ్లజోడు పైనుంచి నన్నొక చూపు చూశాడు. అరవై ఏళ్ల కిందట, మేము లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే రోజుల్లో, సికింద్రాబాద్‌లో మార్నింగ్ షోలకు పోయి చూసిన ఇంగ్లండు పాటల సినిమా అది. అట్ట మీద అదే కుర్రాడు, అదే గిటారు, అదే నవ్వు. మా అమ్మాయి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ దాని గురించి మనవరాలికి ఊదరగొట్టేవాణ్ణి. అది హైస్కూలు బ్యాండులో గిటారు వాయిస్తుంది. దానికి చూపించి తీరాలనుకున్నాను.

చూపించకుండా ఉండాల్సింది.

మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. సినిమా మొదలైన కాసేపటికే నాకు రోత పుట్టింది. సముద్రపు ఒడ్డున ఒక కాఫీ కొట్టు, దాన్ని మూసెయ్యాలని పట్టుబట్టిన ఊరి పెద్ద, పాటకచేరీ పెట్టి దాన్ని కాపాడే కుర్రకారు, చివర్లో బుద్ధొచ్చి చప్పట్లు కొట్టే ఆ పెద్దాయన. అంతకుమించి కథ లేదు. ఆ సముద్రం పరదా మీద రంగులేసిన సముద్రం. ఎవరో దాని వెనకనుంచి నడిస్తే ఆకాశంతో సహా ఊగింది. హీరో మోటారు మెకానిక్కట, గోళ్లలో చుక్క నూనె లేదు. ఏ పాటకైనా వెనక ఆడేది ఆ అరడజను మంది అమ్మాయిలే, గౌన్లు మార్చుకుని వస్తారు. వాళ్ల కళ్లలో అలసట ఈ పెద్ద టీవీలో స్పష్టంగా కనిపిస్తోంది.

ఇక హోటల్ సీను వచ్చింది. ఒక తెల్లవాడు మొహానికి గోధుమరంగు పూసుకుని, తలపాగా చుట్టుకుని, తల అటూ ఇటూ ఊపుతూ మన మహారాజుగా దిగాడు. ఆ రోజుల్లో ఆ సీనుకి హాలంతా ఈలలు వేసింది. నేనూ వేశాను.

"తాతా, దిస్ ఈజ్ సో గ్రోస్," అంది మనవరాలు మొహం చిట్లించి. "ఇది ఎన్ని టైమ్స్ చూశావ్ నువ్వు?"

"చాలాసార్లు," అన్నాను.

చాలాసార్లు చూసింది కథ కోసం కాదు, ఆ కుర్రాడి వేళ్ల కోసం. మా పక్క క్వార్టర్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజిన్ డ్రైవర్ ఉండేవాడు. శనివారాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు జరిగితే ఆయన బ్యాండే వాయించేది. నేను ముచ్చటపడుతున్నానని తన పాత గిటారు ఒకటి నాకు వాడుకోమని ఇచ్చాడు. బాగా నేర్చుకుంటే బ్యాండులోకి తీసుకుంటానని కూడా అన్నాడు. వెళ్లి ఆయన్నే అడిగితే సరిపోయేది. నాకు మాత్రం ఆయన నోరెళ్లబెట్టేలా ఒకేసారి వాయించి చూపాలని పంతం. అందుకని అందులో నాకు నచ్చిన గిటారు పాట ఒకటి పట్టుకుని, సినిమానే గురువు చేసుకున్నాను. ముందు బెంచీలో కూర్చుని, చీకట్లో నా కుడి ముంజేతినే గిటారు మెడ అనుకుని, ఆ కుర్రాడి ఎడమచేతి వేళ్లు ఏ మెట్టు మీదుంటే నా వేళ్లు అక్కడ నొక్కిపెట్టేవాణ్ణి. ఎన్నిసార్లు వెళ్లినా ఆ వేళ్లు అక్కడే ఉండేవి. అందుకే అంతగా నమ్మాను.

మా అక్క వీణ నేర్చుకునేది. తెలుగు సినిమాలో హీరోయిన్ వీణ మీద చెయ్యి ఆడిస్తుంటే, "ఆ స్వరం అక్కడ పలకదురా, అంతా దొంగ వాయింపు," అని నా చెవిలో చెప్పి నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

ఒక సాయంత్రం వరండాలో కూర్చుని ఆ పాటలోని అసలు ముక్కను వెతుకుతున్నాను. వేళ్లు అటూ ఇటూ జరపగా జరపగా ఒకచోట శ్రుతి చక్కగా కలిసింది. ఒళ్లు ఝల్లుమంది. వంటింట్లోంచి అక్క, "అదేరా, అది బాగుంది," అని అరిచింది. మర్నాడు హాలుకి పరిగెత్తాను. తీరా చూస్తే ఆ కుర్రాడి వేళ్లు అక్కడ లేవు, రెండు మెట్లు అవతల ఉన్నాయి. ఇంటికొచ్చి నాది వదిలేసి వాడిది పట్టుకున్నాను.

"ఏమిట్రా ఆ గోల? నిన్నటిదే బాగుంది కదా," అంది అక్క.

"నీకేం తెలుసు? ఇది ఇంగ్లీషు సంగీతం. ఇలాగే ఉంటుంది," అన్నాను.

వేళ్ల కొసలు కాయలు కాసేదాకా ఆ గోలే సాధన చేశాను. చివరికి ఒకరోజు, ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఆ డ్రైవర్ పియానో ముందు కూర్చుని, నాకు వీపు పెట్టి, "కమాన్, సన్," అన్నాడు. నేను వాయించాను. ఆయన సగంలోనే ఆగిపోయాడు. ఇటు తిరిగి, ఎంతో దయగా, "నో ఇయర్, మ్యాన్. నీకు చెవి లేదు," అన్నాడు. ఆ సాయంత్రమే ఆయన గిటారు ఆయనకు ఇచ్చేశాను.

నాకు స్వరజ్ఞానం లేదన్న ఆ మాట నాతోనే ఉండిపోయింది. అక్క కచేరీలకు వెళ్లినా వెనక వరసలోనే కూర్చున్నాను. నా భార్య వంట చేస్తూ కూనిరాగం తీసి, ఏ రాగమో చెప్పమంటే, నాకు చెవి లేదన్నాను. పిల్లలకు అది ఇంట్లో జోకైంది. ఇప్పటికీ ఇక్కడ అరోరా గుడిలో భజన జరుగుతుంటే నా చప్పట్లు పైకి వినబడకుండా కొడతాను.

టీవీలో ఆ పాట మొదలైంది. నేను సోఫా అంచుకి జరిగాను.

మనవరాలు పాజ్ చేసింది. "తాతా, హి ఈజ్ నాట్ ఈవెన్ ప్లేయింగ్."

"అదేంటి?"

"వైర్ లేదు చూడు. ఎలక్ట్రిక్ గిటార్, వైర్ లేకుండా సౌండ్ ఎలా వస్తది? అండ్ లుక్ ఎట్ హిజ్ హ్యాండ్. ట్యూన్ చేంజ్ అయింది, హ్యాండ్ మూవ్ అవలేదు. జస్ట్ పట్టుకున్నాడు."

వెనక్కి తిప్పించి మళ్లీ చూశాను. వైరు లేదు. ఆ వేళ్లు ఏ తీగనూ నొక్కడం లేదు, కొమ్మ మీద పిట్టల్లా ఊరికే వాలి ఉన్నాయి. ఎవరో చాటున వాయించారు, వీడు పళ్లికిలించాడు. గిటారు పట్టుకోవడం కూడా రానివాణ్ణి తెచ్చి నిలబెట్టి, పరదా సముద్రం ముందు నాలుగు పాటలు చుట్టేసి, సముద్రాలు దాటించి మా మీదికి వదిలారు. ఒళ్లు మండిపోయింది. వాళ్ల మీద ఎంతో, నా మీదా అంతే. మన హీరోయిన్ చేతిలో వీణ దొంగదని నిక్కరేసుకున్న రోజుల్లోనే తెలిసినవాణ్ణి. తెల్లవాడి చేతిలో గిటారు కూడా దొంగదే కావచ్చునని ఒక్కనాడు, ఒక్కనాడైనా తోచలేదు.

"అసలుది ఎలా వాయిస్తారో చూపించనా?" అని మనవరాలు మేడ మీదికి వెళ్లి వైరు అక్కర్లేని తన మామూలు గిటారు తెచ్చింది. పాట ఒకసారి విని, వేళ్లు మెడ మీద పెట్టింది.

అది ఇంకా తీగ మీటనేలేదు, నాకు తెలిసిపోయింది, ఆనాడు నేను వదిలేసిన చోటే అది.

"ఇటియ్యమ్మా," అన్నాను. ఉంగరం వేలు సరిగా వంగడం లేదు. కుడిచేత్తో దాన్ని వంచి తీగ మీద పెట్టుకుని, మీటాను. శ్రుతి కలిసింది. మా వరండాలో ఎలా కలిసిందో అలాగే.

"వెయిట్, నేనింకా ప్లే చెయ్యలేదు కదా. హూ టాట్ యూ దట్, తాతా?"

టీవీలో ఆ కుర్రాడు ఆగిపోయి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఎవరూ నేర్పలేదమ్మా. నాకే వచ్చింది," అన్నాను. "ఈ వెధవని చూసి మానేశాను."